సప్పుడు లేని జాగ

దీవి అనగానే సముద్రం గుర్తుకొస్తుంది. మా గోదావరిలోనూ దీవులున్నాయి. వరద తగ్గాక నది రెండు పాయలుగా విడిపోయి నడుమ మిగిల్చే దిబ్బను మా వైపు కుర్రు అంటారు. కొన్ని కుర్రులు ఏటా మునుగుతాయి. కొన్ని ఊరంత ఉంటాయి, వాటి మీద చెట్లుంటాయి, పంటలుంటాయి. సెలవు గడపడానికి కుర్రు మీదికి వెళ్లినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. మొన్న ఫిబ్రవరిలో మేమిద్దరం వెళ్లొచ్చాం. ఇద్దరం అంటే నేను, మా బావ సామేలు.

దీవికి పోవాలన్నది మా అక్క కరుణ కోరిక. బావ ఇరవై ఏళ్లకు పైగా దోహాలో ఎలక్ట్రీషియన్. కరీంనగర్‌లో మా అమ్మానాన్నలు కట్టిన ఇంట్లో ఒక వాటాలో అక్క, ఒక వాటాలో నేను ఉండేవాళ్లం. మధ్యలో ఒక తలుపు. అక్కకు పిల్లలు లేరు. నేను పెళ్లి చేసుకోలేదు. బావ పూర్తిగా వచ్చేశాక ముగ్గురం ఏదైనా దీవికి పోయి నాలుగు రోజులు ఉండాలని అక్క అంటుండేది. అన్నం తిన్నాక ఫోన్‌లో దీవుల వీడియోలు పెట్టుకునేది. సముద్రం వచ్చినప్పుడు జరిపేసి, గదులు వచ్చినప్పుడు ఆపి చూసేది. ఆమెకు రెండు షరతులు. "సప్పుడు ఉండొద్దు. సౌలతుండాలె."

సౌలతంటే ఏమిటని ఒకసారి అడిగాను.

"లెట్రీన్ దూరముండొద్దు. వేడినీళ్లు రావాలె. ఛాయ అడగంగనే రావాలె. గంతే."

మూడో షరతు ఒకటుండేది, అది నా గురించి. "తమ్మునికి ఆఖరి రూము తీస్కోవాలె. మాకు జర దూరం." నేను చదువుకుంటానని, నాకు ఇబ్బంది కలగకూడదని అలా అంటుందనుకునేవాణ్ణి.

పోయిన వానాకాలం అక్క నిద్రలోనే చనిపోయింది. బావ వచ్చేసరికి సమాధి అయిపోయింది. ఆయన పూర్తిగానే వచ్చేశాడు, అక్క వాటాలో ఉంటున్నాడు.

మా దగ్గర బామ్మర్దిని ఆటపట్టించడం బావకు హక్కు. పెళ్లయిన రోజు మొదలైతే ముసలితనం దాకా సాగుతుంది. దోహా నుంచి ఫోన్ చేస్తే బావ మొదటి మాట, "గా పుస్తకాల పురుగు బతికే ఉన్నడా?" నేను వినాలని గట్టిగా అనేవాడు. పెళ్లి వద్దన్నందుకు, స్కూటర్ నడపడం రానందుకు, కూరలో ఉప్పు తెలియనందుకు ఏదో ఒకటి అంటూనే ఉండేవాడు. అక్క పోయాక అది ఆగిపోయింది. నన్ను 'సార్' అనడం మొదలుపెట్టాడు. నేను జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్తాను, బయటివాళ్లందరూ సార్ అనే అంటారు. "మీరు తిన్నరా సార్?" అని బావ అడిగిన రోజు నాకు అన్నం దిగలేదు. మధ్య తలుపుకు అటువైపు గొళ్లెం పడింది. తీయమని అడగడానికి నాకు కారణం దొరకలేదు.

జనవరిలో ఏజెంటు మళ్లీ వీసా ఉందన్నాడు. ఫిబ్రవరి నెల దాటకుండా చెప్పాలట. బావ ఆ సంగతి నాకు చెప్పి, ఏం చేయాలని అడగలేదు. ఉండమని అడిగే హక్కు నాకుందో లేదో నాకు తెలియలేదు. ఆయనను మా ఇంటికి కట్టిన మనిషి పోయింది. ఇక ఆయన నాకు ఏమవుతాడు? ఆయన వెళ్లిపోతే అక్క పేరు తలిచేవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ మిగలరు.

దీవికి పోయొద్దామని నేనే అన్నాను.

"సముద్రమైతే నేను రాను సార్. సముద్రం మస్తు చూసిన."

అందుకని కుర్రు.

మంచిర్యాల

మా దగ్గర గదులు వెతకడమంటే తెలిసినవాళ్లను అడగడం. పది మందిని అడిగితే పది మందీ మంచిర్యాలలో ఒక రాత్రి ఆగి, అక్కడి నుంచి ఎగువకు పొమ్మన్నారు. బస్సులో పెద్దపల్లి దాటాక బావ కిటికీ పక్కన కూర్చుని కళ్లు మూసుకున్నాడు, కానీ నిద్రపోలేదు. గోదావరి వంతెన మీదికి బస్సు రాగానే ఒకావిడ లేచి నదిలోకి రూపాయి విసిరింది. మేము చర్చికి పోయేవాళ్లం, అలాంటివి చేయం. మా అవ్వ మాత్రం వంతెన దాటేదాకా మాట్లాడేది కాదు. నేనూ మాట్లాడలేదు.

స్టేషన్ దగ్గర ఒక లాడ్జికి వెళ్లాం. మంచిర్యాలకు వ్యాపారం మీద వచ్చేవాళ్లు ఎక్కువ, కలెక్టరాఫీసు వచ్చాక ఫైళ్లు పట్టుకుని వచ్చేవాళ్లూ ఎక్కువయ్యారు. లాడ్జి మేనేజరు పెద్ద మనిషి, చెవి మీద మఫ్లర్ చుట్టుకుని ఉన్నాడు.

"రెండు గదులు కావాలండీ. శబ్దం ఉండకూడదు. ఎవరూ వచ్చి తలుపు కొట్టకూడదు. ప్రశాంతంగా ఉండాలి," అన్నాను.

మేనేజరు నా కళ్లద్దాలను, తర్వాత బావను చూశాడు. "సమజైంది సార్. ఎనుక దిక్కు ఇస్త. ఒక్క పురుగు గూడ రాదు. ఇద్దరేమైతరు?"

నేను నోరు తెరిచేలోపు బావ అన్నాడు. "ఒక్కూరోళ్లం."

అది అబద్ధం కాదు. తాళం చెవి తీసుకుని మెట్లెక్కాను.

మొహం కడుక్కుని కూర్చున్నానో లేదో మేనేజరే స్వయంగా పళ్లెం పట్టుకుని వచ్చాడు. పళ్లెంలో రెండు గ్లాసులు, రెండు సోడాలు, కోసిన ఉల్లిగడ్డ, నిమ్మకాయ ముక్కలు, కారం కలిపిన మరమరాలు.

"ఇవి మేము చెప్పలేదే," అన్నాను.

"చెప్పేదేముంది సార్. సప్పుడు లేని రూమంటే మాకు తెల్వదా? సిట్టింగుకే గదా. సరుకు మీరు తెచ్చుకున్నరా, నన్ను తెప్పియ్యమంటరా?"

మా వైపు కూర్చుని తాగడాన్ని సిట్టింగ్ అంటారు. ఇద్దరు మగవాళ్లు ఊరు కాని ఊరొచ్చి నిశ్శబ్దం అడిగితే ఇంకే అర్థమూ ఉండదని నాకు తోచలేదు. నేను మెథడిస్టు చర్చిలో ఆదివారం బడి చెప్పే మనిషిని. పక్క గదిలోంచి బావ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పళ్లెం చూశాడు, నన్ను చూశాడు. మునుపటి బావైతే ఈ ఒక్క సంగతి పట్టుకుని ఏడాది పాటు ఏడిపించేవాడు, చర్చి వాకిట్లో పాస్టర్‌గారి ముందు కూడా. నేను ఎదురుచూశాను.

"సార్ గసుంటోడు కాదన్నా," అన్నాడు మేనేజరుతో, మర్యాదగా. "మరమరాలు ఉంచు, తినిపోతం."

మరమరాలు బాగున్నాయి.

పొద్దున్నే లేచి కిందికి వచ్చేసరికి బావ రిసెప్షన్‌లో సోఫా మీద కూర్చుని ఉన్నాడు. తల మీద టీవీ పెద్దగా మోగుతోంది. రాత్రి ఎప్పుడో దిగొచ్చాడని మేనేజరు చెప్పాడు. రైళ్ల మోత వల్ల గదిలో నిద్ర పట్టలేదేమో అనుకున్నాను. ఇంకా నిశ్శబ్దమైన చోటు చూడాలని మనసులో రాసుకున్నాను.

నస్పూర్

మంచిర్యాల ఎక్కడ ఆగి నస్పూర్ ఎక్కడ మొదలవుతుందో కొత్తవాళ్లకు తెలియదు. రోడ్డు పక్క ఆకుల మీద నల్లటి దుమ్ము కనిపిస్తే నస్పూర్ వచ్చినట్టే. బావ తమ్ముడు పౌలు అక్కడ బొగ్గుబావిలో పనిచేస్తాడు. కంపెనీ క్వార్టర్‌లో ఉంటారు. పౌలు భార్య మేరి మాకోసం బగారన్నం, కోడికూర వండింది. మా ఇంట్లో అక్క పోయాక బగారన్నం వండలేదు. యాలకుల వాసనకు బావ ఒక్క క్షణం ముద్ద పట్టుకుని ఆగాడు.

తింటుండగా సైరన్ మోగింది. నా చేతిలో గ్లాసు తొణికింది. ఇంట్లో వాళ్లెవరూ తల ఎత్తలేదు.

"ఇంత మోతలో ఎట్లా పడుకుంటరమ్మా?" అన్నాను.

మేరి నవ్వింది. "అలవాటైందన్నా. మొన్న సమ్మెల సైరన్ బందుండె. తెల్లారెదాక కాలనీల ఒక్కలు పండలే. పానం అదో తీరు కొట్టుకున్నది."

నేను నవ్వాను. బావ తల ఎత్తి మేరి వైపు చూశాడు.

పౌలు చేయి కడుక్కుని వచ్చి నులకమంచం మీద కూర్చున్నాడు. సూటిగా మాట్లాడే మనిషి.

"అన్నా, ఇంకెన్నొద్దులే గా ఇంట్ల? వదినె ఉన్ననాడు వేరు. ఇప్పుడు గా ఇల్లు సారుది. నువ్వు ఆయనకేమైతవ్? పోతే దోహకన్న పో, లేకపోతే మా కాడికన్న రా." తర్వాత నావైపు తిరిగాడు. "తప్పు పట్టకు సారూ. ఉన్నమాటంటున్న."

"తప్పేమీ లేదు," అన్నాను.

"నీకెందుకయ్య, తినెటప్పుడు గివి," అని మేరి మొగుణ్ణి కసిరింది.

బావ నెమ్మదిగా ఎముక పక్కన పెట్టాడు. "ఏజెంటుకు ఇంకా చెప్పలే. పోయొచ్చినంక చెప్త."

కుర్రు మాట పౌలుకు వింతగా అనిపించింది. "సెలవుకు కుర్రు మీదికా? ఆడ ఏమున్నది, మక్క చేన్లు!" అయినా తనతో బావిలో పనిచేసే ఒకతని తల్లి మల్లవ్వ, లక్సెట్టిపేట దాటాక ఎగువన ఒక కుర్రు మీద పంట పెడుతుందని, అవసరమైతే తన పేరు చెప్పమని అన్నాడు. నేను వద్దన్నాను. అప్పటికే ఫోన్‌లో ఒక చోటు చూసి పెట్టుకున్నాను. పేరులోనే ఐలాండ్ ఉంది.

లక్సెట్టిపేట దాటాక

లక్సెట్టిపేటలో బస్సు మారాలి. బస్టాండ్ ఎదురుగా ఒకావిడ రొట్టెలు చేస్తోంది. కరీంనగర్‌లో జొన్నరొట్టె కావాలంటే వెతుక్కోవాలి, అదీ షుగర్ ఉన్నవాళ్ల కోసమన్నట్టు అమ్ముతారు. ఇక్కడ అన్నం అడిగినవాణ్ణే వింతగా చూస్తారు. రెండు రొట్టెలు, మిరపకాయ తొక్కు, పప్పు కలిపి యాభై రూపాయలు. తొక్కు అడగకుండానే రెండోసారి వేసింది. నేను నీళ్లు తాగుతుంటే బావతో అంది, "మీ సారు కండ్లల్ల నీళ్లొస్తున్నయ్, జర పెరుగు ఎయ్యన్నా?" మీ సారు అన్న మాటను బావ సరిచేయలేదు.

ఐలాండ్ అని పేరున్న చోటు నది ఒడ్డున ఉంది. నాలుగు కొత్త గదులు, తెల్లటి దుప్పట్లు, వేడినీళ్ల మిషను. యజమాని ముప్ఫై దాటిన మనిషి, దుబాయ్‌లో ఎనిమిదేళ్లు చేసి వచ్చి ఇది కట్టాడు. నేను సామాను దించి చుట్టూ చూశాను.

"ఐలాండ్ ఏది?"

"గదే సార్, ఎదురుంగ." నది అవతల పచ్చటి గీతలా ఒక కుర్రు కనిపిస్తోంది.

"ఐలాండ్ స్టే అని పెట్టారు కదా?"

"ఐలాండ్ మీద అని ఎవలు పెట్టిన్రు సార్? ఐలాండ్ కాడ. ఆడికి పోతె మంచం గూడ ఉండది, పందులుంటయ్. ఈడనుంచి చూస్తెనే మంచిగుంటది."

నాకు కోపం రాలేదు. అక్క షరతులు రెండూ అక్కడ తీరాయి. బాత్రూమ్ గదిలోనే ఉంది. ఛాయ ఫోన్ చేయగానే వచ్చింది. రాత్రి ఏ మోతా లేదు, కుక్క కూడా అరవలేదు. బావకు ఒక చివరి గది, నాకు మరో చివరి గది తీసుకున్నాను. మధ్యలో రెండూ ఖాళీ. అక్క ఉంటే ఇదే చాలనేది. ఆ మాట బావతో అన్నాను.

"అవ్ సార్. మస్తు మంచిగున్నది," అన్నాడు బావ.

తెల్లవారి నేను లేచి చూస్తే ఆయన గదిలో లేడు. తోట చివర నీళ్ల మోటారు గది ఉంది. మోటారు నడుస్తోంది. దాని అరుగు మీద గోడకు తల ఆనించి కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ముందు రోజు కంటే ముఖం పీక్కుపోయింది. ఏడ్చాడనుకున్నాను. ఒంటరిగా ఏడవడానికి మోటారు చప్పుడు చాటు చేసుకున్నాడనుకున్నాను. పక్కన కూర్చున్నాను. ఏజెంటు మళ్లీ ఫోన్ చేశాడని చెప్పాడు.

"ఏమన్నావు బావా?"

"ఏమనలే. ఆడికి పోతెనన్న నిద్రొస్తదేమో సార్. ఇంట్ల గూడ వస్తలేదు, మీకు చెప్పలే."

నిద్ర కోసం మనిషి దోహాకు పోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఇంట్లో అక్క జ్ఞాపకాలు నిద్రపోనివ్వడం లేదని చెప్పుకున్నాను. అలాంటి మాటలు పుస్తకాల్లో చాలా చదివాను. వాటిలో ఒకటి ఆయనకు తొడిగేసి ఊరుకున్నాను.

"ఇంత దూరం వచ్చి అవతలికి పోకుండా తిరిగిపోవడమేంటి? ఒక్క రాత్రి కుర్రు మీద ఉండి పోదాం," అన్నాను. పౌలు చెప్పిన మల్లవ్వ చేను ఎదురుగా ఉన్న ఆ కుర్రు మీదేనట.

కుర్రు

పడవతనికి మల్లవ్వ పేరు చెబితే చాలు, ఇంకేమీ అడగలేదు. మధ్యలో నీళ్లు లోతు లేవు, గడకర్ర మోకాలి లోతుకే నేలను తాకింది. పడవ దిగి ఇసుక దాటాక మక్కచేను మొదలైంది. మనిషి ఎత్తు మొక్కజొన్న, దాని పక్కన పల్లి, ఇంకో పక్క పుచ్చతీగెలు. చేను మధ్యలో చొప్ప కప్పిన గుడిసె. ముందు పందిరి కింద రెండు నులకమంచాలు. మల్లవ్వ అరవై దాటిన మనిషి, చెవులకు బరువైన గెంటీలు, చేతిలో కొడవలి. ఆమె భర్త రాజం పారతో తీగెలకు పాదులు సరిచేస్తున్నాడు. మమ్మల్ని చూసి తలూపి మళ్లీ పనిలో పడ్డాడు.

"పౌలు పంపిండా? కూసోన్రి కూసోన్రి. ఏం పని మీద వచ్చిన్రు?" అంది మల్లవ్వ.

"పనేం లేదమ్మా. రెండు రోజులు ఉందామని. సప్పుడు లేని జాగ వెతుకుతున్నాం," అన్నాను.

మల్లవ్వ నన్ను పరీక్షగా చూసింది. "సప్పుడు లేని జాగెందుకు బిడ్డా? పానం మంచిగ లేదా?"

నేను అక్క మాట చెప్పలేదు. అయినా ఆమె ఇంకేమీ అడగలేదు. పొయ్యి మీద నల్లటి కుండ పెట్టింది. అడగకముందే ఛాయ వచ్చింది, బెల్లంతో. కాళ్లు కడుక్కోవడానికి వేడినీళ్లు వచ్చాయి. ఇక లెట్రీన్ సంగతి అడిగితే చేయి చాపి కుర్రు మొత్తం చూపించింది. అక్క వింటే ఆ క్షణమే పడవ పిలిపించేది. ఆ సంగతి బావకూ తోచినట్టుంది. మూడు రోజుల్లో మొదటిసారి ఆయన పెదవి ఒక మూల కదిలింది.

మధ్యాహ్నం గడ్డి మంటలో పల్లికాయ కాల్చి ముందు పోశారు. బూడిదలోంచి ఏరుకుని తినాలి. పట్నంలో పల్లీలు కొనుక్కుని లెక్కగా తింటాం. ఇక్కడ రాజం మరో చేటెడు తెచ్చి మాట్లాడకుండా కుమ్మరించాడు. సాయంత్రం గంగలో పట్టిన చేపల పులుసు, మొక్కజొన్న రవ్వ ఉడికించిన గట్క. మా దగ్గర గోదావరి అనే మాట పుస్తకాల్లోదే, నోటితో గంగ అనే అంటారు.

పొద్దు గుంకుతుండగా ఒక్కసారిగా పెద్ద కేక వినబడింది. "హో... హో... హే...! ఉరుకున్రి, ఉరుకున్రి!" వెంట డబ్బా మోత. నేను లేచి నిలబడ్డాను. మల్లవ్వ పగలబడి నవ్వింది. చేను మధ్య కర్రకు ఒక మైకు డబ్బా కట్టి ఉంది. అడవి పందులు నది ఈదుకుని వచ్చి పల్లి తవ్వుతాయట. అందుకని రాజం గొంతు అందులో నింపి రాత్రంతా మోగిస్తారట. ఆ మనిషి మాట్లాడగా నేను విన్నది ఎక్కువ ఆ డబ్బాలోనే. అసలు రాజం గుడిసె ముందు కూర్చుని చుట్ట తాగుతూ, తన అరుపు తనది కానట్టు వింటున్నాడు.

"గిదా సప్పుడు లేని జాగ?" అన్నాడు బావ, మల్లవ్వతో.

"అయ్యో, పట్నపోళ్లు, నిద్ర వట్టదు మీకు," అని ఆమె లేచింది. "ఒక్క రాత్రికేమైతది, బంద్ చేస్త. పందులొస్తె లేచి కొడ్తడు మా ముసలోడు." నేను వద్దన్నా వినలేదు. పోయి తీగె పీకేసింది.

మంచాలు రెండే, పందిరి ఒకటే. అక్క పెట్టిన చివరి గది షరతు ఇక్కడ కుదరలేదు. మూరెడు దూరంలో బావ మంచం. దుప్పటి కప్పుకుని ఆయనను ఉండమని ఎలా అడగాలా అని మాటలు కూర్చుకుంటున్నాను. మాటలు కుదరకముందే నిద్ర పట్టినట్టుంది.

తెల్లవారి

లేచేసరికి ఎండ పందిరి కిందికి వచ్చింది. బావ పడుకునే ఉన్నాడు. ఎండ మొహం మీద పడుతున్నా కదలడం లేదు, నోరు కొంచెం తెరిచి, చేయి మంచం బయటికి వేలాడేసి. భయపడి దగ్గరికి వెళ్లాను. అక్క అలాగే పోయింది. ఛాతీ పైకీ కిందికీ ఆడుతోంది. నేను మళ్లీ నా మంచం మీద కూర్చున్నాను.

మల్లవ్వ ఛాయ తెచ్చింది. ఆ చప్పుడుకు బావ కళ్లు తెరిచి, ఎక్కడున్నాడో తెలియనట్టు చూసి, లేచి కూర్చున్నాడు.

"పందులొచ్చాయామ్మా?" అన్నాను. మా కోసం పంట పోయిందేమోనని నాకు గుబులుగా ఉంది.

"ఎక్కడియి? ఒక్కటి రాలే," అంది మల్లవ్వ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మైకు ఎందుకు బిడ్డా ఇగ? నీ గురకకే అటొడ్డు దాక ఉరికినయ్. మా ముసలోడు లేచి చూసిండు, ట్రాక్టర్ వచ్చిందేమోనని."

రాజం తలూపాడు. "అవ్," అన్నాడు. నేను డబ్బాలో కాకుండా విన్న మొదటి మాట అది.

నేను గురక పెడతానని నాకు తెలియదు. చెప్పే మనిషి ఎప్పుడూ పక్కన లేదు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

మల్లవ్వ బావ వైపు తిరిగింది. "నువ్వెట్ల పన్నవయ్యా గంత పక్కపొంటి? గీ సారు నీకేమైతడు?"

బావ ఛాయ గ్లాసు కింద పెట్టాడు. నన్ను చూశాడు. నేను మట్టి వైపు చూస్తున్నాను.

"బామ్మర్ది," అన్నాడు. "నా బామ్మర్ది గీడు."

తర్వాత ఆగలేదు. "జెప్తె నమ్మవవ్వా. సప్పుడు లేని జాగ గావాలె, సప్పుడు లేని జాగ గావాలె అని జిల్లా మొత్తం తిప్పిండు నన్ను. మంచిర్యాలల లాడ్జోణ్ణి అడిగితె ఆడు సోడా, గిలాసలు, ఉల్లిగడ్డ కోసి తెచ్చిండు. సండే స్కూల్ సారుకు! ఇగ ఐలాండ్ కాడ ఒకటి, ఐలాండ్ మీద ఒకటి. ఆఖరుకు చూస్తె సప్పుడంత ఈని ముక్కులనే ఉన్నది!"

మల్లవ్వ మోకాలి మీద చరుచుకుంటూ నవ్వింది. రాజం చుట్ట ఆరిపోయింది. నేనూ నవ్వాను, కళ్లద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. అన్ని నెలల తర్వాత నన్ను 'వీడు' అన్నాడు.

ఎండెక్కాక ఇద్దరం ఇసుక మీద నడుచుకుంటూ నీళ్ల దాకా వెళ్లాం. బావ చెప్పులు చేతిలో పట్టుకున్నాడు.

"ఒక్కటి చెప్పాల్నా? మీ అక్కకు గూడ గిదే గురక. గింత తేడ లేదు."

నాకు తెలియదన్నాను.

"నీకెట్ల తెలుస్తది, నీది నీకే ఎక్కువాయె. ఆమె అనేది నాతోని, తమ్ముని గురక గోడ దాటొస్తదని. అందుకే గదా నీకు ఆఖరి రూము!" కాసేపు నవ్వి ఆగాడు. "దోహల రూముల పది పన్నెండు మందిమి. ఏసీ మోత, ఫోన్ల మోత. రాత్రి ఫోన్ చేస్తె మీ అక్క మాట్లాడుకుంట మాట్లాడుకుంట పండేది. ఇగ గురక. నేను బంద్ చేసేటోణ్ణి కాదు. ఫోన్ చెవు కాడ పెట్టుకొని నేను పండేది. డ్యూటీకి లేచెదాక గట్లనే ఉండేది. ఏండ్లకేండ్లు గట్లనే పన్న. మొదట్ల పైసలయితయని తిట్టేది, ఇంటర్నెట్ వచ్చినంక తిట్టలే." నీళ్లలో కాలు పెట్టాడు. "ఇంటికొచ్చినంక ఏ సప్పుడు లేదు. నువ్వు ఆ తలుపు దగ్గెరకేసి ఆఖరి అర్రల పంటవైతివి. నాకు చెవులు కొట్టుకుంటుండె. రాత్రి లేచి చూసిన, నువ్వు మొదలు పెట్టినవ్. మీ అక్కే పన్నదనుకున్న ఒక్క నిమిషం. మల్ల ఎప్పుడు పన్ననో తెల్వదు."

గొళ్లెం అటువైపే ఉందని, వేసింది ఆయనేనని నేను అనలేదు. నేను వెతికిన గదులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. రాత్రి కూర్చుకున్న మాటలు కూడా గుర్తొచ్చాయి. వాటిలో ఒక్కటీ పనికొచ్చేది కాదు.

"పోకు బావా," అన్నాను.

ఆయన వంగి కాళ్ల మీద ఇసుక కడుక్కున్నాడు.

మరో రాత్రి ఉన్నాం. బావే మల్లవ్వతో, మైకు బంద్ చేయనవసరం లేదన్నాడు. రాజం డబ్బా, నేను, ఇద్దరం మోగామట. బావ పొద్దెక్కేదాకా నిద్రపోయాడు.

కరీంనగర్

తిరుగు బస్సు కోసం లక్సెట్టిపేటలో నిలబడ్డప్పుడు బావ ఏజెంటుకు ఫోన్ చేశాడు. నేను రొట్టెల ఆవిడ దగ్గరికి జరిగాను, అయినా వినబడింది. "లేదన్నా. గా వీసా ఎవలకన్న ఇయ్యి... పైసల కాడ కాదన్నా... ఇంట్ల మా బామ్మర్ది ఒక్కడే ఉంటడు... అవ్, చిన్నోడేం కాదు, యాభై ఏండ్ల పోరడు." ఫోన్ జేబులో పెట్టుకుని వచ్చి, రొట్టెల ఆవిడతో నాకు తొక్కు వేయొద్దని, మళ్లీ ఏడుస్తాడని చెప్పాడు.

కుర్రు మీద ఉండాలనుకునేవాళ్లు ఫిబ్రవరిలో వెళ్లండి. వానలు మొదలయ్యాక ఆ వైపు చూడొద్దు. మేమిచ్చిన పైసలు మల్లవ్వ తీసుకోలేదు, రెండు దుప్పట్లు పంపితే ఉంచుకుంది. లెట్రీన్ లేదు. ఛాయ అడగకుండానే వస్తుంది.

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి బగారన్నం వండుకున్నాం. ఉప్పు ఎక్కువైంది, దానికి నాకు పడాల్సినవి పడ్డాయి. తిన్నాక ఆయన అక్క వాటాలోకి, నేను నా వాటాలోకి వెళ్లి పడుకున్నాం. మధ్య తలుపు తీసే ఉంది, దానికి ఇటుక అడ్డం పెట్టాడు, గాలికి పడకుండా. నేను పుస్తకం తెరిచి నాలుగు పేజీలు చదివానో లేదో అవతలి నుంచి కేక వచ్చింది.

"ఓ బామ్మర్దీ! ఆ బుక్కు అవతల పెట్టి పండుకోరాదు? నాకు నిద్ర వస్తలేదు."